నాన్న నాలుక, నా తొమ్మిది వేల బంతి: కొల్లేట్లో సోనార్ పనికొస్తుందా?

లంక_కుర్రోడు (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్ద పోస్టే, ఓపిక పట్టండి.

మాది కైకలూరు వైపు ఒక కొల్లేటి లంక. నాన్నది, తాతది, ముత్తాతది వేటే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మొన్న ఉగాదికి ఊరెళ్తూ ఆన్‌లైన్‌లో ఒక సోనార్ కొన్నాను. బత్తాయి కాయంత బంతి. తాడు కట్టి నీళ్లలోకి విసిరితే వైఫైతో ఫోన్‌కి కలుస్తుంది. లోతెంత, చేప ఎక్కడ అని బొమ్మ గీసి చూపిస్తుంది. తొమ్మిది వేలు. నాన్నకి మాత్రం రెండు వేలని చెప్పాను.

దోనెలో ఇద్దరం వెళ్లాం. బంతి వేశాను. స్క్రీన్ నిండా చేపలే! "ఇదిగో నాన్నా, ఇక్కడే వెయ్యి వల" అన్నాను. ఆయన మాట్లాడకుండా గెడ తీసి అడుగున ఒక్క పోటు పొడిచాడు. బుడబుడమని బుడగలొచ్చాయి. ఫోన్‌లో ఇంకో పాతిక చేపలు పుట్టాయి. "ఇయ్యేనా రా నీ చేపలు?" అని నవ్వడం మొదలుపెట్టి ఒడ్డు చేరేదాకా ఆపలేదు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఇప్పుడు నన్ను బంతి గాడంటున్నారు.

అసలు చెప్పదలుచుకున్నది అది కాదు. తిరిగొస్తూ, కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు వైపు ఒకచోట ఆగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద పోసుకుని ఉమ్మేశాడు. "ఉప్పు తగిలింది. మావులు పైకి మార్చాలి" అన్నాడు. మావులంటే చేపలు పట్టే బోనులు. నా సంచిలో ఇంట్లో ఫిల్టర్ నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూసుకునే టీడీఎస్ పెన్ను ఉంది. పెట్టి చూస్తే 2,140. అర కిలోమీటరు పైకెళ్లాక మళ్లీ నోట్లో పోసుకుని "ఇక్కడ లేదు" అన్నాడు. పెన్ను 690 చూపించింది.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఇంత లోతులేని నీళ్లలో సోనార్ దేనికైనా పనికొస్తుందా? రెండోది అసలైనది. నాన్నకి అరవై మూడు. నేనూ తమ్ముడూ వేటకి వెళ్లం. ఆయనకి తెలిసినదంతా ఏ చోట, ఏ కార్తెలో, ఏ గాలికి ఏ చేప అని మ్యాప్ మీద పెట్టి ఒక యాప్‌లా చేద్దామనుంది. ఎవరైనా చేశారా?

ముత్తుకూరు_బ్యాచ్ (ఆదివారం, రాత్రి 9:47)

బుడగలే మీ కొంప ముంచాయి. సోనార్‌కి నిజానికి చేప సరిగ్గా కనబడదు, చేప కడుపులోని గాలితిత్తి కనబడుతుంది. చేప ఒళ్లు దాదాపు నీళ్లలాంటిదే కాబట్టి శబ్దం దాన్లోంచి దూసుకుపోతుంది. గాలి తగిలితేనే గట్టిగా వెనక్కి కొడుతుంది. కొల్లేటి అడుగున గుర్రపు డెక్క కుళ్లి గ్యాస్ పడుతుంది. ఆ బుడగకీ గాలితిత్తికీ మీ బంతికి తేడా తెలియదు. పైగా ఇలాంటి వాటికి బంతి కిందనే అడుగో రెండడుగులో అసలేమీ కనబడదు. మూడు నాలుగడుగుల నీళ్లలో ఇక మిగిలేదేముంది?

ఉప్పు సంగతి చెప్పాలంటే, వేసవిలో కొల్లేట్లో నీళ్లు తగ్గితే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా ఎగదన్నుతుంది. ఉప్పు పడని చేప పైకి జరుగుతుంది, దాని వెనకే పండుగప్ప లాంటివి లోపలికొస్తాయి. మీ నాన్నగారు మావులు మార్చింది అందుకే. అయితే ఆయన నాలుక 690ని కూడా పట్టిందంటే మాత్రం నమ్మలేను. తేడాని పట్టింది.

లంక_కుర్రోడు (ఆదివారం, రాత్రి 9:55)

నిజమే అండీ, "ఇక్కడ లేదు" అన్నాడంతే. అంకె చెప్పమంటే నన్ను నీళ్లలోకి తోస్తాడు.

చెరువుగట్టు (ఆదివారం, రాత్రి 10:20)

తొమ్మిది వేలు పోసి బురదలో గ్యాస్ కనిపెట్టావన్నమాట తమ్ముడూ. పర్లేదు, నేను లక్షన్నర పోసి ఇంకా పెద్ద పాఠం నేర్చుకున్నా.

మాది ఆకివీడు దగ్గర, చేపల చెరువులు. శీలావతి, బొచ్చె. రెండేళ్ల కింద నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు పెట్టించా. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కంటే దిగితే ఫోన్‌కి మెసేజ్, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరుగుతాయి. మొదటి ఆరు నెలలు బ్రహ్మాండం. తెల్లవారుజామున రెండింటికి టార్చి పట్టుకుని గట్టెక్కే టెన్షన్ పోయింది. తర్వాత శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు, రాత్రి మాత్రం తాగుతుంది. మూడో రాత్రి మా కాపలా తాత ఫోన్ చేసి "బాబూ, చెరువు చప్పరిస్తంది" అన్నాడు. ఫోన్‌లో చూస్తే ఐదు ఉంది. పడుకో తాతా అన్నా. ఆయన ఊరుకోలేదు, మళ్లీ చేశాడు. వెళ్లి చూద్దును కదా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నాయి. వేల నోళ్ల చప్పుడది, గట్టు మీదికి వినబడుతుంది. సెన్సర్ తీసి చూస్తే చుట్టూ నాచు పట్టి అరచేయంత బొచ్చు. అది సరిగ్గా కొలవడమే మానేసింది!

ఏరేటర్లు చేత్తో వేశాం. రెండు టన్నుల దాకా పోయింది, మిగతాది దక్కింది.

ఇప్పుడు సెన్సర్ ఉంది, తాతా ఉన్నాడు. వారానికోసారి సెన్సర్ తోమేది తాతే.

మత్తడి_దుంకింది (ఆదివారం, రాత్రి 10:41)

లంక అన్నా, ఆ బంతి అమ్ముతవా?

ఎందుకంటే మాది వరంగల్ దిక్కు, సొసైటీ చెరువు. మిషన్ కాకతీయల పూడిక తీసిన్రు, మంచిదే, నీళ్లు ఆగుతున్నయ్. కానీ మట్టి మంచిగున్న కాడ రైతులు జేసీబీలతో లోతుగా తవ్వుకుని పొలాలకు తోలుకున్నరు. చెరువు అడుగంతా గుంతలు. మునుపు మా పెద్దోళ్లకు ఆ చెరువు అడుగు కాళ్లకు తెలుసు. ఏడ రాయి, ఏడ బురద, ఏడ పాత బావి అని చీకట్ల నడిచేటోళ్లు. ఇప్పుడు లాగుడు వల గుంత మీదికెళ్లి పోతది, చేప కింద సల్లగ కూసుంటది. నిరుడు వల లాగితే వచ్చింది సగమే అని మాకందరికీ అనుమానం. గుంతలు ఏడున్నయో, ఎంత లోతో తెలిస్తే ముందే ఆడ గుండ్లు ఎక్కువ కట్టి వల దింపుకుంటం.

మాకు చేప కనబడకున్నా మంచిదే. గుంత కనబడితే చాలు.

ముత్తుకూరు_బ్యాచ్ (ఆదివారం, రాత్రి 10:50)

ఇది బాగుంది! దానికి బేషుగ్గా పనికొస్తుంది. ఆరడుగులు దాటితే లోతు బాగా చూపిస్తుంది. గట్టు నుంచి విసరొద్దు, తెప్పకి వెనక కట్టి నెమ్మదిగా లాగండి. మత్తడి నుంచి తూము దాకా పది పది గజాలకో వరసగా.

లంక_కుర్రోడు (ఆదివారం, రాత్రి 10:58)

అమ్మడం దేనికి అన్నా, పంపిస్తా. వాడుకుని పంపండి. మా ఊళ్లో దాని మొహం చూపించలేను.

గోదారి_మాస్టారు (సోమవారం, ఉదయం 6:15)

రిటైరైన బడిపంతుల్ని, కోనసీమ. మా అమ్మగారి పుట్టిల్లు వేటకారుల కుటుంబం. ఒక మాట చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

మీరంతా పాతది అంటే నాలుక, కాలు, చెవి అంటున్నారు. కొత్తది అంటే ఫోను, సెన్సరు. మా ఊళ్లో నేను చూసిన అసలైన కొత్త యంత్రం నైలాన్ దారం. నేను హైస్కూల్లో ఉండగా వచ్చింది. అంతకుముందు నూలు వలలు, జనుప వలలు. వాటిని తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టాలి, లేకపోతే నీళ్లలో కుళ్లిపోతాయి. వేటయ్యాక ఆరెయ్యాలి. గోదారి గట్టు పొడుగునా కర్రల మీద ఎర్రగా వలలు వేలాడుతుండేవి. ఆ కషాయం వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వల ఆరుతున్నన్నాళ్లూ వేట లేదు. ముసురు పడితే వల ఆరదు, అసలే లేదు.

నైలాన్ ఆరెయ్యనక్కర్లేదు. రాత్రీ పగలూ నీళ్లలో ఉండొచ్చు. ఆ తర్వాత తంగూసు వల వచ్చింది, చేప కంటికి కూడా కనబడదు. ఇప్పుడు మా పెద్దల తెలివి అని మీరు మెచ్చుకుంటున్న తాతల చేతుల్లో ఉన్నది కూడా నైలానే. వాళ్లు పాత మనుషులే గానీ వాళ్ల వల పాతది కాదు.

పెద్దలు నదిని కాపాడారు అంటారు. కాపాడింది వాళ్లేనా, తడి వలా అని నాకు సందేహం.

గంపలో_కొర్రమీను (సోమవారం, ఉదయం 7:02)

మాస్టారూ, పొద్దున్నే భలే మాట అన్నారు. మా తాతయ్య వల ఆరేసి పేకాడేవాడని నాన్నమ్మ తిట్టేది. ఆ పేకాటే చేపల్ని బతికించిందన్నమాట.

లంక_కుర్రోడు (సోమవారం, ఉదయం 8:30)

మాస్టారు గారూ, ఇది చదివాక నాకు నిద్ర మత్తు వదిలింది. ఒప్పుకుంటాను. తొలకరికి కొత్త నీళ్లొచ్చి చేప ఎదురెక్కేటప్పుడు, కడుపు నిండా గుడ్లతో ఉన్నవాటిని నాన్న వదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నాలుగు రోజులే మా ఇంటికి పండగ.

కానీ ఒకటి మాత్రం పట్టడు. కొర్రమీను పిల్లలు ఎర్రగా, కుంకుమ పొట్లం నీళ్లలో విప్పినట్టు ఒక గుంపుగా పైన తిరుగుతుంటాయి. కింద నీడలాగా పెద్దది కాపలా ఉంటుంది. అక్కడ గాలం వేస్తే అది కోపంతోనే అందుకుంటుంది, ఎవడైనా పట్టొచ్చు. నాన్న దోనె పక్కకి తిప్పేస్తాడు. ఎందుకంటే "పెద్దది పోతే పిల్లల్ని సాయంత్రానికి మిగతాయి ఊడ్చేస్తాయి, వచ్చే ఏడు నాకేం మిగుల్తుంది" అంటాడు. జాలి కాదు, లెక్క.

గోదారి_మాస్టారు (సోమవారం, ఉదయం 8:52)

ఆ లెక్కకి నేను దణ్ణం పెడతాను నాయనా. అది వల నేర్పింది కాదు. నా మాటని ఆ మేరకు సవరించుకుంటున్నాను.

సాగర్_అల (సోమవారం, ఉదయం 10:10)

కొల్లాపూర్ దగ్గర కృష్ణ వెనక జలాల్లో వేట మాది. మాస్టారు చెప్పిన దానికి మా దగ్గర పేరుంది: అలివి వల. దోమతెర లాంటి కన్ను. దాన్లో వేలెడంత పిల్ల కూడా తప్పించుకోదు. ఎండబెట్టి లారీల్లో పోతుంది. మేము నాలుగేళ్ల తర్వాత తినాల్సిన చేపని ఒక్క రాత్రిలో ఊడుస్తారు. కేసులు పెడతారు, వలలు తగలబెడతారు, మళ్లీ వస్తారు. దీనికి యాపూ వద్దు, శాటిలైటూ వద్దు. కన్ను కొలిచే స్కేలు, దాన్ని పట్టుకుని అడిగే ధైర్యం ఉన్న మనిషి ఉంటే చాలు.

లంక తమ్ముడికి ఒక హెచ్చరిక. మ్యాప్ మీద చోట్లు పెట్టకు. నేను సరదాగా యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టాను, వెనకాల గుట్ట కనబడింది. వారం తిరక్కుండా నాలుగు బండ్లలో మనుషులొచ్చారు. మా మామ ముప్పై ఏళ్లు దాచుకున్న మడుగు ఇరవై రోజుల్లో ఖాళీ. మామ నాతో ఏడాది మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదు.

చెరువుగట్టు (సోమవారం, ఉదయం 10:35)

దాచుకుంటే మాత్రం ఎవరికి లాభం? ఆ పెద్దాయనతో పాటే పోతుంది కదా. మా ఆక్వాలో ఒకడు మేత మార్చి లాభపడితే మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. అందుకే ఇంత పెరిగాం.

లంక_కుర్రోడు (సోమవారం, ఉదయం 10:49)

అన్నా, మీ చెరువుకి గట్టుంది, తాళం ఉంది, కాపలా తాత ఉన్నాడు. మీ మేత రహస్యం తెలిసినా మీ చేపని ఎవరూ ఎత్తుకుపోరు. మా నీళ్లకి గట్టు లేదు. అసలు ఉన్న నీళ్లన్నీ గట్లు వేసి...

చెరువుగట్టు (సోమవారం, ఉదయం 10:53)

అదిగో, వచ్చేసింది. ఆక్వా రైతు దొంగ. 2005-06లో మా బాబాయి చెరువులు సర్కారు వాళ్లు బాంబులు పెట్టి పేల్చారు, తెలుసా?

లంక_కుర్రోడు (సోమవారం, ఉదయం 10:58)

తెలుసు. 1999లో ప్లస్ ఫైవ్ కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యం అన్నాక కూడా చెరువులు ఎలా తవ్వారో కూడా తెలుసు. ఆ పేల్చినవాటిలో మా వాళ్ల సొసైటీ చెరువులు కూడా ఉన్నాయి.

మోడరేటర్ (సోమవారం, ఉదయం 11:15)

ఇద్దరూ ఆగండి. కాంటూరు గొడవకి వేరే చర్చ ఉంది, 340 పోస్టులు ఉన్నాయి, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ వేట, పరికరాలు, పెద్దల జ్ఞానం. ఇంకో పోస్టు దారి తప్పితే తీసేస్తా.

చెరువుగట్టు (సోమవారం, ఉదయం 11:20)

సారీ తమ్ముడూ. ఎండ దెబ్బ.

లంక_కుర్రోడు (సోమవారం, ఉదయం 11:21)

నాది కూడా అన్నా.

ముత్తుకూరు_బ్యాచ్ (సోమవారం, మధ్యాహ్నం 1:30)

దాచుకోవడం గురించి ఒక చరిత్ర చెప్తా. 1957కి ముందు మన దేశంలో బొచ్చె, శీలావతి (రోహు) పిల్లలు కావాలంటే దాదాపు అన్నీ నదిలోంచే తేవాలి. అవి చెరువులో పెరుగుతాయి గానీ చెరువులో గుడ్లు పెట్టవు. వరద ఏ రోజు, ఏ ఒంపులో గుడ్లు తెస్తుందో తెలిసినవాళ్లు ఉండేవారు, ముఖ్యంగా బెంగాల్ వైపు. కంటికి కనబడీ కనబడని పిల్లని గుడ్డలో వడకట్టి, ఇది మంచి జాతి, ఇది పనికిరాని పిల్ల అని చెప్పగలిగేవారు. గొప్ప విద్య. 1957 జులై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి గారు పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ ఆ రోజునే చేపల రైతుల దినం చేస్తాం. హేచరీలు వచ్చాయి, ఆ నది విద్య చాలావరకు పోయింది. కైకలూరు, ఆకివీడు ఇవాళ ఇలా ఉన్నాయంటే దానివల్లే. పోయినందుకు నాకు బాధ లేదు, నిజం చెప్పాలంటే. ఆ పిల్లలు ఏ నదిలో ఏ నెలలో ఉండేవో వాళ్లకి తెలిసినదంతా పూర్తిగా రాసిపెట్టలేదే అన్నదే బాధ. అది ఉంటే ఇవాళ నదుల్లో ఏం తగ్గిందో చెప్పగలిగేవాళ్లం.

కాబట్టి రాయండి. చోటు పేరు రాయొద్దు, ఏ చేప ఏ ఏడు దాకా కనబడింది అన్నది రాయండి. దాన్ని ఎవడూ దొంగిలించలేడు.

సముద్రానికి హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. ఉపగ్రహంతో నీటి వేడి, నాచు రంగు చూసి చేప ఎటు ఉండొచ్చో చెప్తుంది. మంచి నీటి చెరువుకి అలాంటిది కుదరదు. మనకున్న ఉపగ్రహం మీ నాన్నగారే.

మిన్నెసోటా_మంచు (సోమవారం, సాయంత్రం 6:05)

మధ్యలో దూరుతున్నా. ఇక్కడ సరస్సు గడ్డకట్టాక మంచుకి బొక్క పెట్టి వేటాడతారు. ఇప్పుడొచ్చిన సోనార్లలో చేప తల తిప్పడం కూడా టీవీలో చూసినట్టు కనబడుతుంది. ఎర దగ్గరకి వచ్చి, ఆలోచించి, వెళ్లిపోవడం కూడా. పోటీల్లో దాన్ని ఎంతవరకు వాడనివ్వాలని పెద్ద గొడవ నడుస్తోంది. సరదాకి పట్టేవాళ్లే ఇంత కొట్టుకుంటున్నారు.

గంపలో_కొర్రమీను (సోమవారం, రాత్రి 9:40)

పొద్దుట్నుంచీ చూస్తున్నా. నాన్న, తాత, మామ, కాపలా తాత. ఒక్కరైనా అమ్మని అడిగారా?

మా అమ్మ నలభై ఏళ్లు గంప మోసింది. నేను స్కూటీ మీద ఐస్ బాక్స్ పెట్టుకుని అమ్ముతున్నా. లంక తమ్ముడూ, చేప ఎక్కడుందో మీ నాన్నకి తెలుసు. ఏ రోజు పట్టిన ఏ చేప డబ్బవుతుందో, ఏది ఎండబెట్టాలో, ఏది పొద్దెక్కేలోపు వదిలించుకోవాలో మీ అమ్మకి తెలుసు. కార్తీకమాసంలో ఏ రోజు గంప దించకూడదో కూడా. మృగశిర కార్తె రోజు కొర్రమీను ధర మూడింతలవుతుంది. పది రోజుల ముందు నుంచే డ్రమ్ముల్లో బతికించి ఉంచేది ఆడవాళ్లే. నీళ్లు ఎప్పుడు మార్చాలో వాసన చూసి చెప్తుంది మా అమ్మ. నీళ్లు పూర్తిగా మార్చదు, పాతవి సగం ఉంచుతుంది. ఎందుకంటే "కొత్త నీళ్లకి బెదిరి మూత మీదికి ఎగురుతాయి" అంటుంది.

మొన్న ఒక కస్టమర్, చేప పాడవకుండా కలిపే ఫార్మలిన్ మందు ఉందా అని కాగితం ముక్క తెచ్చి నా చేప మీద రుద్దింది. కొచ్చిన్‌లో సిఫ్ట్ అనే చేపల పరిశోధన సంస్థ వాళ్లు చేసిన టెస్ట్ అట. రంగు మారలేదు. మా అమ్మ పక్కనుంచి "చూసుకో అమ్మా, ఈగ వాలిందా లేదా" అంది. రెండూ బాగానే ఉన్నాయి, చేప అమ్ముడుపోయింది.

ఇక ఫోన్ సంగతి. ఫోన్ వచ్చాక ఏలూరులో ధర ఎంత, కైకలూరులో ఎంత క్షణంలో తెలుస్తుంది. ఏం లాభం? వలకీ దోనెకీ అడ్వాన్స్ తీసుకున్నవాడు చేప ఆ సేటుకే వెయ్యాలి, సేటు చెప్పిన ధరకే. ముందు ధర తెలియక మోసపోయేవాళ్లం, ఇప్పుడు తెలిసి మోసపోతున్నాం.

ముత్తుకూరు_బ్యాచ్ (సోమవారం, రాత్రి 10:05)

అక్కా, ఇది ఎవరూ చెప్పని మాట. ఉత్తర కేరళలో 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక సముద్రం మీద నుంచే రేవులకి ఫోన్లు చేసి మత్తి (సార్డీన్) చేపని ధర ఉన్నచోటికి తీసుకెళ్లారు, అమ్ముడుపోక పారబోయడం ఆగిపోయింది అని పరిశోధన ఉంది. మాకు ఫిషరీస్ కాలేజీ క్లాసులో గొప్పగా చెప్పారు. అక్కడ పడవ ఏ రేవుకైనా తిప్పుకునే వీలుంది. అడ్వాన్స్ ఉన్నవాడికి ఫోన్ ఒక్కటే వచ్చింది, తిప్పుకునే వీలు రాలేదు.

మత్తడి_దుంకింది (సోమవారం, రాత్రి 10:22)

మా దిక్కు 2016 నుంచి చేప పిల్లలు ఉచితంగ ఇస్తున్నరు. చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్లు, ఎండని చెరువులకు 80-100. లెక్క ఎట్లనంటే ఒక జల్లెడ ముంచి దాన్ల ఎన్నున్నయో లెక్కబెట్టి, అట్లాంటివి ఎన్ని జల్లెడలో గుణించుడు. మొదటి జల్లెడ నిండుగ, తర్వాతవి సగం! మా సొసైటీల ఒక ముసలాయన ఉన్నడు, చదువు రాదు. ప్రతి జల్లెడకు ఒక గులకరాయి పక్కకు పెడతడు, సగముంటే చిన్న రాయి. అఖరికి వాళ్ల లెక్కకూ ఈయన రాళ్లకూ పొంతన లేదు. నిరుడు నుంచి నేను ఫోన్ల వీడియో తీస్తున్న, ఆయన రాళ్లు పెడుతున్నడు. ఇప్పుడు జల్లెడలు నిండుగనే వస్తున్నయ్.

వదిలేటప్పుడు కూడా, ఫోటో కోసం పట్టపగలు పన్నెండింటికి సంచులు కోసి కుమ్మరిస్తరు. మా ముసలోళ్లు సంచి అట్లనే అరగంట నీళ్ల మీద తేలనిచ్చి, చల్లబడ్డంక మూతి విప్పి, పిల్ల దానంతటదే ఈదిపోయేదాక పట్టుకుంటరు.

సాగర్_అల (మంగళవారం, ఉదయం 7:10)

మా దగ్గరా అంతే. సంచి కుమ్మరించగానే ఒడ్డున కొంగలు లైన్లో ఉంటాయి.

చెరువుగట్టు (మంగళవారం, ఉదయం 7:45)

ఒకటి అడగాలి, ఎవరికైనా తెలుసేమో. దెయ్యం చేప. ఒంటి మీద చిప్పలు, ముళ్లు, మొహం కింద నోరు. అక్వేరియంలో అద్దాలు నాకే చేపట. ఈమధ్య వలలో పడితే వల చిరగాల్సిందే. పెద్దల జ్ఞానంలో దీనికి మందుందా?

లంక_కుర్రోడు (మంగళవారం, ఉదయం 9:02)

నాన్నకి దాని పేరే తెలియదు అన్నా. "నా చిన్నప్పుడు లేదు" అంటాడు, అంతే. దొరికినవాటిని గట్టు మీద పడేస్తున్నారు, కాకులు కూడా ముట్టట్లేదు.

గోదారి_మాస్టారు (మంగళవారం, ఉదయం 9:30)

తెలియదు అని చెప్పే పెద్దమనిషిని నమ్మొచ్చు.

మత్తడి_దుంకింది (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 8:15)

లంక అన్నా, బంతి ముట్టింది. మూడు రోజులు తిప్పినం. థర్మాకోల్ తెప్పకు వెనక కట్టి, ఒకాయన తెడ్డేస్తుంటే నేను ఫోన్ చూసుకుంట లోతు చెప్పిన, ఇంకొకాయన వెదురు పాతి గుడ్డ పేలిక కట్టిండు. మొత్తం పద్నాలుగు గుంతలు. ఒకటైతే పద్దెనిమిదడుగులు! పక్కనంతా ఏడడుగులే.

తమాషా ఏందంటే, గులకరాళ్ల ముసలాయన తెప్ప మీద కూసుని కండ్లు మూసుకుని "ఇక్కడ నీళ్లు సల్లగున్నయ్" అని చెయ్యి ముంచి చెప్పిన కాడ మూడుసార్లు గుంత వచ్చింది. రెండుసార్లు రాలేదు. "ఆ రెండు కాడ ఊట ఉంటది" అన్నడు. ఏమో.

నిన్న వల లాగినం. గుంతల కాడ గుండ్లు రెట్టింపు కట్టి దింపినం. బొచ్చె ఒకటి పదకొండు కిలోలు. నిరుటికంటె ఎంతెక్కువ వచ్చిందో ఇక్కడ రాయను, సాగర్ అన్న భయపెట్టిండు కద!

ఒక్క సంగతి. గుంతలన్నీ ఖాళీ చేద్దామంటే ముసలాయన ఒప్పుకోలే. పెద్ద గుంతను వదిలేయమన్నడు. ఎందుకంటే ఎండకాలం నీళ్లు తగ్గితే మిగిలినయ్ అన్నీ అండ్లకే చేరతయట. సొసైటీల పెద్ద లొల్లి అయింది. కుర్రోళ్లు, అంటే మేమే, ఇన్నేండ్లకు దొరికింది ఎట్ల వదులుతం అన్నం. అఖరికి ఓటేసినం. ఆరు ఓట్ల తేడాతో ముసలాయన గెలిచిండు. నేను ఎటేసిన్నో చెప్పను.

గోదారి_మాస్టారు (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 8:40)

తుమ్మచెక్క కషాయం వాసన వచ్చింది నాయనా నాకు.

లంక_కుర్రోడు (నెల తర్వాత, ఆదివారం రాత్రి 10:30)

తొలకరికి ఊరెళ్లొచ్చాను. యాప్ మానేశాను. సాగర్ అన్న మాట, ముత్తుకూరు గారి మాట రెండూ విని, మ్యాప్ లేకుండా మాటలు మాత్రం రికార్డు చేద్దామనుకున్నా.

మొదటి రోజు వసారాలో కుర్చీ వేసి ఫోన్ ఎదురుగా పెట్టి "చెప్పు నాన్నా" అన్నా. గొంతు సవరించుకుని పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి ఆగిపోయాడు. ఏదో కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టు. అమ్మ లోపల్నుంచి ఒకటే నవ్వు.

రెండో రోజు దోనెలో జేబులో ఫోన్ ఆన్ చేసి పెట్టుకున్నా, ఆయనకి చెప్పే పెట్టాను. ఏం అడగలేదు. గెడ వేస్తూ తనంతట తనే నాలుగు గంటలు మాట్లాడాడు. ఈ కిక్కిస గుబురులో ఇంగిలాయి ఉండేదని, ఫలానా తుఫాను ఏడాది నుంచి కనబడటం లేదని, తూర్పుగాలి వేస్తే జెల్ల అడుక్కి పోతుందని, మావు మూతి ఏ నీళ్లకి ఎటు తిప్పాలో, ఆయన పెళ్లప్పుడు వాలుగ ఎంత పొడుగుండేదో. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప సగం ఏమీ లేదు.

గంప అక్కా, మీరు చెప్పినట్టు అమ్మని కూడా అడిగా. ఎండు చేప గురించే గంటన్నర చెప్పింది. అది మాత్రం స్పష్టంగా వచ్చింది, వెనకాల కోడి కూత తప్ప.

నీళ్ల మీద గాలి రాకుండా రికార్డు చెయ్యడానికి మంచి మైకు ఏదైనా ఉందా? రెండు వేల లోపు. నిజంగానే రెండు వేలు.

మిన్నెసోటా_మంచు (నెల తర్వాత, ఆదివారం రాత్రి 11:10)

చొక్కాకి తగిలించే చిన్న మైకు తీసుకో, ఎనిమిది వందలకే వస్తుంది. దానికి స్పాంజి తొడుగు ఉండాలి. అది లేకపోతే పాత ఉన్ని స్వెట్టర్ ముక్క చుట్టి దారం కట్టు.

లంక_కుర్రోడు (నెల తర్వాత, ఆదివారం రాత్రి 11:14)

కొల్లేట్లో ఉన్ని స్వెట్టరా అన్నా!

గంపలో_కొర్రమీను (నెల తర్వాత, ఆదివారం రాత్రి 11:20)

నాన్నగారి తలపాగా కొంగు చాలదూ. మైకు దాన్లో పెట్టి చుట్టు.